మొక్క ఒకటే, కొండ మారితే రుచి మారతాది

పోయిన సంక్రాంతికి వారం ముందు డుంబ్రిగుడ మండలంలో ఒక ఊరికి ఎల్లాను. కాఫీ పళ్లు ఏరే రోజులు. తోటలో పనయ్యాక ఒక అప్ప ఇంటి అరుగు మీద కూచున్నాం. డిగ్రీ చదివి ఊరికొచ్చేసిన ఆమె కొడుకు, వాడి స్నేహితులు ముగ్గురు ఉన్నారు. రెండు స్టీలు గ్లాసులు మా ముందు పెట్టి, "రెండూ తాగి చెప్పన్నా, ఏది బాగుందో" అన్నాడు ఆ గుంటడు.

పాలు లేవు, పంచదార లేదు. వేడి నీళ్లు, కాఫీ పొడి, అంతే. ఒక గ్లాసు తాగితే నోరంతా చేదు, ఆ ఎనకాల తడిసిన మట్టి వాసన. రెండోది తాగితే కమలాపండు తొక్క గిల్లినట్టు చిన్న పులుపు, మింగాక నాలిక మీద బెల్లం లాంటి తీపి. ఇవి రెండు తోటలవనుకున్నాను. కాదంట. ఒకే తోట, ఒకే మొక్కలు, ఒకే వారంలో కోసిన పళ్లు. మట్టి వాసనది కొమ్మ పట్టుకుని పచ్చివీ పండువీ కలిపి దూసి, వాకిట్లో నేల మీద ఎండేసింది. బెల్లం తీపిది ఎర్రగా పండినవే ఏరి, అదే సాయంత్రం తొక్క తీసి, కడిగి, వల మీద ఆరబెట్టింది.

ఆ గుంటడు రెండో గ్లాసు వాళ్లమ్మకి ఇచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి కాసేపు మాటాడలేదు. తర్వాత అంది: "ముప్పై ఏళ్ల నుంచి ఏరతన్నాను బాబూ. ఇది మా పండేనేటి?"

ఈ వ్యాసం ఆ మాట కోసమే రాస్తన్నాను. అరకు కాఫీ గురించి పేపర్లలో, టీవీల్లో చాలా విన్నారు. పారిస్‌లో కొట్టు పెట్టారు, బహుమతి వచ్చింది, ప్రధాని మాటాడాడు. బాగుంది. కానీ ఆ రుచి ఎక్కడి నుంచి వస్తాదో మనకి ఎవలూ చెప్పలేదు. మొక్కలోంచి వస్తాదా? మట్టిలోంచా? మన అమ్మల చేతుల్లోంచా? అది తెలిస్తేనే దానికి ధర ఎంతో అడగ్గలం.

ముందు మొక్క కథ

కాఫీలో మనం పండించేది ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి అరబికా, రెండోది రోబస్టా. రోబస్టా మొండిది, తక్కువ ఎత్తులో కూడా కాస్తాది, చేదెక్కువ. అరబికాకి చల్లదనం కావాలి, నీడ కావాలి, తెగుళ్లు తొందరగా పడతాయి, కానీ రుచి దాని సొత్తు. మన కొండల మీద ఉన్నది దగ్గర దగ్గరగా అంతా అరబికాయే.

అరబికాలో మళ్లీ రకాలున్నాయి. వరిలో సాంబమసూరి, స్వర్ణ అన్నట్టు. మన పాత తోటల్లో ఎత్తుగా పెరిగే మొక్కల్లో ఎక్కువగా కనపడేది ఎస్.795. కర్ణాటకలో చిక్కమగళూరు దగ్గర బాలెహొన్నూరులో కాఫీ పరిశోధన కేంద్రం ఉంది, 1925లో మొదలైంది. అక్కడ రెండు రకాలను కలిపి తయారు చేసి 1940ల్లో రైతులకిచ్చారు దీన్ని. ఒక పక్క తాతది కెంట్స్ అనే రకం. ఆ పేరు మైసూరు వైపు తోటలున్న ఒక ఇంగ్లీషు దొరది. రెండో పక్క తాతది అరబికాకీ లైబీరికా అనే ఇంకో అడవి జాతికీ సహజంగా కలిసి పుట్టిన మొక్క.

ఇంత తంటా ఎందుకు పడ్డారంటే ఆకు తుప్పు తెగులు వల్ల. ఆకు అడుగున నారింజ రంగు పొడిలా వస్తాది, మీరు చూసే ఉంటారు. 1869 తర్వాత సిలోన్‌లో కాఫీ తోటలన్నిటినీ తుడిచిపెట్టేసింది అదే. సిలోన్ అప్పుడు టీకి మారిపోయింది. ఆ తెగులును తట్టుకునే బలం లైబీరికా తాత నుంచి, రుచి కెంట్స్ తాత నుంచి ఎస్.795కి వచ్చాయి. తర్వాత తర్వాత తెగులు కూడా తెలివి మీరింది, ఇప్పుడు ఈ మొక్కకీ తుప్పు పడతాది. కానీ రుచి మాత్రం పోలేదు. కప్పులో ఇది నిదానమైన రకం. మరీ పులుపు కాదు, మరీ చేదు కాదు.

ఇంకో సంగతి. అరబికా పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడతాది. అందుకని గింజ నాటినా తల్లి గుణమే ఎక్కువగా వస్తాది. అంటే చిక్కమగళూరులో ఉన్న ఎస్.795, మన కొండ మీది ఎస్.795 ఒకే కడుపున పుట్టిన బిడ్డలే అనుకోండి. మరి ఇద్దరి మాట తీరు వేరెందుకయ్యింది?

మూడు చోట్ల మూడు రుచులు

ఇదే మొక్కను ఇండోనేషియాలో జెంబర్ అంటారు. సులవేసి, సుమత్రా దీవుల్లో వేస్తారు. అక్కడ ఎప్పుడూ వానే, గింజ ఎండే సావకాశం ఉండదు. అందుకని గింజ ఇంకా తడిగా ఉండగానే మీది పొర వలిచేసి, ఒట్టి గింజను ఎండేస్తారు. దాంతో కాఫీ చిక్కగా, పులుపు తక్కువగా, అడవి నేల వాసనతో ఉంటాది. అది వాళ్ల పద్ధతి. ఆ రుచిని ఇష్టపడి కొనేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

చిక్కమగళూరులో పడమటి కనుమల పెద్ద వానలు, దట్టమైన నీడ, వందల ఏళ్ల అలవాటు. యెమెన్ నుంచి బాబా బుడన్ అనే ఫకీరు ఏడు గింజలు తెచ్చి నాటాడని చెప్పుకునే కొండలు అక్కడివే. అక్కడ ఎస్.795 నిండుగా, మెత్తగా ఉంటాది.

మన దగ్గర అదే మొక్క బాగా ఏరి, బాగా ఆరబెడితే పులుపు కాస్త పైకి లేస్తాది. పండు వాసన వస్తాది. ఎనకాల తీపి నిలుస్తాది. డుంబ్రిగుడ అరుగు మీద నేను తాగింది అదే.

కాఫీ తెలిసినోళ్లు పులుపు అన్నప్పుడు పాలు విరిగిన పులుపు కాదు. పండు పులుపు. ఉసిరికాయ కొరికితే నోరు లేచినట్టుంటాది చూడండి, అలగ.

కొండ ఏటి చేస్తాది?

మొదటిది చలి. అరకు కాఫీకి 2019 మార్చిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూర్గు, చిక్కమగళూరు, బాబా బుడన్ అరబికాలకీ, వయనాడ్ రోబస్టాకీ కూడా అప్పుడే వచ్చింది. ఆ కాగితంలో మన కాఫీ సముద్ర మట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున పండేదని రాసుంది. లెక్కకి ఇది మరీ ఎత్తు కాదు. బాబా బుడన్ కొండల్లో తోటలు ఇంకా పైన ఉన్నాయి. మరి మనకి చలెక్కడిది?

మ్యాపు తియ్యండి. చిక్కమగళూరు భూమధ్యరేఖకి 13 డిగ్రీల ఉత్తరాన ఉంటే అరకు 18 డిగ్రీలు దాటి ఉంది. ఉత్తరానికి పోయిన కొద్దీ శీతాకాలం రాత్రులు చల్లబడతాయి. అందుకే వెయ్యి మీటర్ల ఎత్తులోనే డిసెంబరు, జనవరిలో చింతపల్లి, లంబసింగి, అరకు వైపు రాత్రి వేడి పది డిగ్రీల కిందకి దిగిపోతాది. పగలు మాత్రం ఎండ కాస్తాది. సరిగ్గా అప్పుడే మన పండు పండతాది.

చలిలో పండు నిదానంగా పండుతాది. మార్చి, ఏప్రిల్ వానకి పూసిన పువ్వు నవంబరు, డిసెంబరు, జనవరి దాకా పండుతూనే ఉంటాది. ఎనిమిది, తొమ్మిది నెలలు. ఎంత నిదానంగా పండితే గింజలోకి అంత చక్కెర దిగుతాది, గింజ అంత గట్టిపడతాది. మామిడికాయకి కార్బైడ్ వేసి రెండు రోజుల్లో పండేసినదానికీ, చెట్టున పండినదానికీ ఎంత తేడా? ఇదీ అంతే.

రెండోది నీడ. కాఫీ అడవి మొక్క. ఇథియోపియా అడవుల్లో పెద్ద చెట్ల కింద పుట్టింది. ఎండలో పెడితే ఎక్కువ కాస్తాది, తొందరగా పండి, తొందరగా అలిసిపోతాది. మన తోటల్లో సిల్వర్ ఓక్, పనస, మామిడి నీడలో పెరుగుతాది. సిల్వర్ ఓక్ మొదలుకి మిరియాల పాదు. ఆకు రాలితే అదే ఎరువు. మనోళ్లు మందులు కొట్టకపోవడానికి సగం కారణం డబ్బు లేకపోవడం, సగం కారణం ఈ నీడ. ఎండ పడే తోటల్లో కాండం తొలిచే పురుగు ఎక్కువ పడతాది. నీడ దాన్ని ఆపుతాది.

ఆ నీడ ఎంత విలువైనదో మనకి 2014 అక్టోబరు 12న తెలిసింది. హుద్‌హుద్ తుపాను విశాఖలో తీరం దాటి నేరుగా కొండెక్కింది. సిల్వర్ ఓక్ చెట్లు ఎక్కడివక్కడ కూలి కాఫీ మొక్కల మీద పడ్డాయి. మిగిలిన మొక్కలకి నీడ పోయింది. మొక్క మళ్లీ నాటితే మూడు, నాలుగేళ్లకి కాపు. నీడ చెట్టు మళ్లీ పెరగాలంటే అంతకంటే ఎక్కువ. కలప కోసం సిల్వర్ ఓక్ కొట్టేద్దామని ఎవరైనా మీ నాన్న దగ్గరకొస్తే ఈ లెక్క గుర్తు చెయ్యండి.

మూడోది మట్టి. మన కొండల రాయిని భూగర్భ శాస్త్రంలో ఖోండలైట్ అంటారు. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? ఖోండులది. ఈ కొండల్లో బతికే ఆదివాసీల పేరు రాయికి పెట్టారు. ఆ రాయి లక్షల ఏళ్లు వానకి నాని, అరిగి, కొండ వాలున ఎర్రమట్టి అయ్యింది, కొండ నెత్తిన బాక్సైట్ అయ్యింది. ఎర్రమట్టిలో నీరు నిలవదు, దిగిపోతాది. కాఫీ వేరుకి కావాల్సింది అదే. పైన ఆకు కుళ్లి నల్లటి పొర కడతాది. తిండి అందులో ఉంటాది.

ఇక్కడ ఒక అబద్ధం కూడా చెప్పుకోవాలి. కొందరు "మట్టి రుచి కప్పులోకి వస్తాది" అని కవిత్వం చెప్తారు. మట్టిలో ఇనుముంటే కాఫీలో ఇనుము రుచి రాదు. మట్టి మొక్కకి నీరు ఎలగిస్తాది, తిండి ఎలగిస్తాది అన్న దాన్ని బట్టి పండు ఎలగ పండుతాదో మారతాది. అంతే. కప్పులో నిజంగా మట్టి రుచి వచ్చిందంటే అది కొండ గొప్ప కాదు, వాకిట్లో నేల మీద ఎండేశారని అర్థం.

అయితే కొండకీ నీళ్లకీ ఉన్న సంబంధం మాత్రం కవిత్వం కాదు. వానాకాలం నీటిని కొండ నెత్తి పీల్చుకుని, ఎండాకాలం దాకా గెడ్డల్లోకి వదులుతాది. గాలికొండ, జెర్రెల వైపు బాక్సైట్ తవ్వుతామన్నప్పుడు మనోళ్లు ఎందుకు అడ్డం తిరిగారో అందులో ఇదొకటి. 2015లో జీవో 97 తెచ్చారు. కొండలన్నీ కదిలాయి. 2019లో ఆ జీవో రద్దయ్యింది. ఆ పోరాటం భూమి కోసమే అనుకుంటాం. కాఫీ రుచి కోసం కూడా అది. గెడ్డ ఎండిపోతే పండు కడగడానికి నీళ్లెక్కడివి?

చెయ్యి ఏటి చేస్తాది?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మొక్క, కొండ, చలి, నీడ అన్నీ కలిపి ఇచ్చేది ఒక అవకాశం మాత్రమే. ఆ అవకాశం కప్పు దాకా చేరాలంటే మధ్యలో మూడు వారాల పనుంది. ఆ పని పాడైతే ఏ కొండా కాపాడలేదు.

ఏరడం. ఒక కొమ్మ మీద పచ్చివీ, పసుపువీ, ఎర్రవీ, ఎండినవీ కలిసే ఉంటాయి. ఎర్రవే ఏరాలంటే ఒకే చెట్టు దగ్గరకి మూడు, నాలుగు సార్లు తిరగాలి. వాలు కొండ మీద, మంచులో, నడుముకి బుట్ట కట్టుకుని. దూసేస్తే ఒక్క రోజులో అయిపోతాది. పచ్చి కాయ వల్ల కప్పులో గడ్డి రుచి, వగరు వస్తాయి. వందలో పది పచ్చివి ఉన్నా తెలిసిపోతాది.

తొక్క తీయడం. ఏరిన రోజే పల్పింగ్ మిషనులో వేసి తొక్క తియ్యాలి. సంచిలో మూట కట్టి రాత్రంతా ఉంచితే లోపల వేడెక్కి పులిసిపోతాది. తొక్క తీశాక గింజ మీద జిగురుంటాది. దాన్ని తొట్టెలో ఒక రోజు, చలెక్కువైతే ఒకటిన్నర రోజు నానబెడితే జిగురు వదులుతాది. వేలితో రుద్దితే గరగరమనాలి, జారకూడదు. అప్పుడు శుభ్రమైన నీళ్లలో కడగాలి. ఇంకో పూట ఎక్కువ ఉంచితే కల్లు వాసన పట్టేస్తాది.

ఆరబెట్టడం. మన కొండ మీద ఇదే పెద్ద తంటా. పగలు ఎండ, సాయంత్రం నాలుగు దాటితే మంచు. వల మీదో, టార్పాలిన్ మీదో పల్చగా పరిచి, గంటకోసారి తిరగెయ్యాలి, సాయంత్రం కప్పెయ్యాలి, పొద్దున్న మంచు ఆరాకే తియ్యాలి. తేమ నూటికి పది, పదకొండుకి వచ్చే దాకా వారం, పది రోజులు ఇదే పని. మధ్యలో బంగాళాఖాతంలో అల్పపీడనం లేస్తే బూజు పడతాది.

ఇప్పుడు ఇంకో గొడవ కూడా చేరింది. కాయ తొలుచు పురుగు. మన దేశంలో మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు వైపు కనపడింది. చాలా ఏళ్లు మన కొండకి రాలేదు. 2025లో అరకు లోయ మండలం తోటల్లో బయటపడింది. ఇది చెట్టున మిగిలిపోయిన పళ్లలో, నేల మీద రాలిన పళ్లలో దాక్కుని మరుసటి పంటకి ఎక్కుతాది. కాబట్టి చివరి పండు దాకా ఏరడం, రాలినవి ఎత్తడం రుచికే కాదు, తోట బతకడానికి కూడా కావాల్సిన పని.

ఈ పనులన్నీ ఎవరు చేస్తన్నారు? నేను తిరిగిన ఊళ్లలో నూటికి డెబ్భై మంది ఆడోళ్లే కనపడ్డారు నాకు. "ప్రకృతి ప్రసాదించిన రుచి" అని ప్యాకెట్ మీద రాస్తారు చూడండి, అది చదివినప్పుడల్లా నాకు మండుతాది. ప్రకృతి పచ్చికాయ ఏరి పక్కన పడెయ్యలేదు కదేటి.

మరి మంచిగా ఎందుకు చెయ్యరు?

ఈ ప్రశ్న టౌన్‌లో చాలా మంది అడుగుతారు. "ఆదివాసీలకి శిక్షణ లేదు, అవగాహన లేదు" అని వాళ్లే జవాబు కూడా చెప్పేస్తారు. తప్పు.

అప్పని అడిగాను. "అంత బాగుంటే అన్నీ అలగే చెయ్యొచ్చు గదప్పా?" అన్నాను. ఆమె నవ్వింది. "సంతకి వచ్చిన షావుకారు ఎర్రదానికి ఒక రేటు, పచ్చిదానికి ఒక రేటు ఇస్తాడా బాబూ? సంచి తూస్తాడు, డబ్బు లెక్కపెడతాడు. నాలుగు సార్లు కొండెక్కి ఎర్రవి ఏరినా అంతే, ఒక్కసారి దూసినా అంతే. నా నడుముకి మాత్రం తేడా తెలుస్తాది."

ఇంతకంటే అర్థశాస్త్రం ఏముంది? ఒకే రేటు పెడితే మంచి రుచి చచ్చిపోతాది. ఎర్ర పండుకి వేరే రేటు ఇచ్చిన చోట, అదే జనం ప్రపంచం మెచ్చిన కాఫీ చేశారు. సహకార పద్ధతిలో ఎర్ర పళ్లే కొన్న తోటల కాఫీయే 2017లో పారిస్ కొట్లోకి ఎల్లింది. 2023లో జీ20 సభకి వచ్చిన దేశాధినేతలకి కానుకగా ఇచ్చింది అరకు కాఫీయే. అంటే చెయ్యలేక కాదు. చేసినదానికి కూలి పడితే చేస్తారు.

చిన్న లెక్క ఒకటి చెప్తాను, ఫోన్‌లో కొట్టి చూసుకోండి. సుమారు ఆరు కిలోల అరబికా పండుకి ఒక కిలో గింజ వస్తాది. వేయిస్తే తేమ పోయి 850 గ్రాముల దాకా మిగులుతాది. కప్పుకి 15 గ్రాముల పొడి వేస్తే 55 కప్పులు దాటతాయి. ఏ కలుపూ లేకుండా. అంటే మీ అమ్మ ఏరిన కిలో పండు తొమ్మిది కప్పుల కాఫీ. విశాఖ బీచ్ రోడ్డులో కప్పు ఎంతో మీకు తెలుసు. కిలో పండుకి ఎంతొచ్చిందో మీ అమ్మకి తెలుసు. రెండూ పక్కపక్కన రాయండి. వేయించడం, రవాణా, అద్దె, జీతాలు ఖర్చే, కాదనను. అవన్నీ తీసేశాక కూడా ఎర్ర పండుకి పచ్చికాయ రేటే ఎందుకిస్తన్నారో ఎవరైనా చెప్పాలి.

హైవే మీద ఒక కొట్టుకి "ఒరిజినల్ అరకు కాఫీ" అని బోర్డు కనపడి ఒకసారి ఆగాను. ఏ ఊరిదండీ అన్నాను. తెలీదన్నాడు. ప్యాకెట్ తిప్పి చూస్తే సగం దగ్గర చికోరీ. చికోరీ తప్పు కాదు, మన ఫిల్టర్ కాఫీకి అలవాటైన కలుపే. కానీ అది కలిస్తే ఇంతసేపు చెప్పుకున్న చలి, నీడ, ఎర్ర పండు ఏదీ నాలిక దాకా రాదు. మిగిలేది అరకు అన్న పేరు మాత్రమే. భౌగోళిక గుర్తింపు ఉన్నది ఆ పేరుని కాపాడడానికి. ఆ చట్టం కింద రైతు కూడా అధికారిక వాడకందారుగా నమోదు చేయించుకోవచ్చు. ఆ రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. మీ ఊళ్లో ఎంతమంది నమోదయ్యారో కనుక్కోండి.

ఏ మొక్క నాటాలి?

మీలో చాలా మంది ఇళ్లలో ఇప్పుడు పాత తోట తీసి కొత్త మొక్కలు వేద్దామన్న మాట నడస్తాంది. నర్సరీల్లో కావేరీ, చంద్రగిరి లాంటి పొట్టి రకాలు వచ్చాయి. ఇవి తిమోర్ దీవిలో అరబికాకీ రోబస్టాకీ సహజంగా పుట్టిన మొక్క నుంచి తుప్పు తట్టుకునే బలం తెచ్చుకున్నవి. దగ్గర దగ్గరగా నాటొచ్చు, ఏరడం సులువు, తొందరగా కాస్తాయి. 2007లో వచ్చిన చంద్రగిరి తుప్పుని బాగానే తట్టుకుంటాది.

కానీ ఒకటి చూసుకోండి. పొట్టి రకం ఎక్కువ కాస్తాది అంటే ఎక్కువ తింటాది అని. కావేరీకి తిండి చాలకపోతే విరగ్గాసి, కొమ్మలు ఎండిపోతాయి. మనం ఆకు ఎరువు మీద నెట్టుకొచ్చేవాళ్లం. నీడ తగ్గించి, ఎరువు సంచీలు కొనే పరిస్థితి ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఎస్.795 ఎత్తు, కోత కష్టం, తుప్పు పడతాది, కానీ నీడలో తక్కువ తిండితో ఏళ్ల తరబడి నిలబడతాది, కప్పులో మంచి పేరుంది. ఒకటే సరైన జవాబు అని నేను చెప్పను. తోటంతా ఒకేసారి పీకెయ్యొద్దు, బాగా కాసే పాత చెట్లు ఉంచుకోండి, రెండు రకాలూ పక్కపక్కన పెట్టి మీ కొండ మీద ఏది ఎలగ ఉందో చూసుకోండి అంటాను. చింతపల్లి వైపు ఆర్వీ నగర్‌లో కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది. అది మన కోసం పెట్టిందే. ఎల్లి అడగండి.

దేశంలో కాఫీ పంట మూడున్నర లక్షల టన్నుల చుట్టూ ఉంటే మన కొండలది అందులో చిన్న వాటా. దిగుబడిలో కర్ణాటకతో పోటీ పడలేం. 1898లో పాములేరు లోయలో దొరలు మొదటి మొక్క పెట్టిన రోజు నుంచి ఇప్పటి దాకా మనకున్న బలం ఒక్కటే, చిన్న చిన్న కమతాల్లో నీడ కింద చేత్తో చేసే కాఫీ. ఆ బలాన్ని ఒగ్గేసి టన్నుల ఎనకాల పరిగెడితే ఉన్నదీ పోతాది.

ఈ సీజనులో ఒక పని

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఖర్చు లేని పని ఒకటి చెప్తాను. మీ తోటలోంచి అయిదు కిలోలు ఎర్రవే ఏరండి. ఇంకో అయిదు కిలోలు మామూలుగా దూసినవి తియ్యండి. మొదటిది తొక్క తీసి, కడిగి, వల మీద ఆరబెట్టండి. రెండోది ఎప్పట్లాగే వాకిట్లో. రెండూ ఎండాక పొర వలిచి, వేరు వేరుగా మంగలంలో ఒకే రంగు వచ్చే దాకా వేయించండి. మాడనివ్వకండి, మాడితే అన్నీ ఒకటే రుచి. ఒక రోజు ఆగి బరకగా పొడి కొట్టండి. గ్లాసుకి నాలుగు చిన్న చెంచాల పొడి, మరిగి కాస్త చల్లారిన నీళ్లు. నాలుగు నిమిషాలు ఆగి, మీద తెట్టు తీసేసి, గోరువెచ్చన అయ్యాక తాగండి. పాలు, పంచదార వద్దు.

మొదటి గ్లాసు మీ అమ్మకివ్వండి. టీ తాగే ఇళ్లే మనవి, పండించేది కాఫీ. తన కాఫీ రుచి తనకి తెలియని రైతు రేటు ఎలగ అడుగుతాది? ఊళ్లో పది ఇళ్లు ఇలగ తాగి చూశాక, ఆ పది ఇళ్లూ కలిసి సంతకి ఎర్ర పళ్లు వేరే సంచుల్లో తీసుకెళ్లి, "దీని రేటు వేరు" అని చెప్పండి. కొనకపోతే గిరిజన సహకార సంస్థ దగ్గరకి, ఐటీడీఏ దగ్గరకి అవే సంచులతో ఎల్లండి, ఎర్ర పండుకి వేరే రేటు బోర్డు మీద రాయమనండి.

డుంబ్రిగుడ గుంటలు ఈ యేడు అదే చేస్తామన్నారు. పదకొండు ఇళ్లు ఒప్పుకున్నాయి. అప్ప ఇల్లు మొదటిది.